ఉష్ణమండల వృక్షోద్యానం: గోదావరి తీరం నుంచి చూస్తే

కర్కట, మకర రేఖల నడుమ పెరిగే చెట్లనూ తీగలనూ గడ్డినీ ఒకచోట చేర్చి, ఒక్కోదానికి పేరు, పుట్టిన చోటు, నాటిన వివరం రాసి పెట్టుకుని, పరిశోధనకూ సందర్శనకూ తెరిచి ఉంచే పెద్ద తోటను ఉష్ణమండల వృక్షోద్యానం అంటారు. జనం నోట దీని పేరు బొటానికల్ గార్డెన్. అన్ని వాతావరణాల్లోనూ కలిపి ప్రపంచంలో ఇలాంటి తోటలు మూడు వేలకు పైగా ఉన్నాయి. వాటిలో సింగపూర్, మారిషస్, శ్రీలంకలోని పేరాదెనియ, ఇండోనేషియాలోని బోగోర్, మన దేశంలో హౌరా తోటలు దేశదేశాల పర్యాటకులను రప్పిస్తాయి.

ఈ తోటలన్నీ ఎక్కడో దూరాన ఉన్నట్టు అనిపించినా, వాటి చరిత్రలో తెలుగు నేలకు పెద్ద వాటాయే ఉంది. జ్ఞాన సరస్వతి కొలువున్న బాసర సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. కర్కట రేఖ ఇరవై మూడున్నర డిగ్రీల దగ్గర పోతుంది కనుక బాసర, నిర్మల్, ఆదిలాబాద్, కరీంనగర్ అన్నీ ఉష్ణమండలంలోని ఊళ్ళే. కడెం అడవిలోని టేకు, నిర్మల్ బొమ్మకు ఒళ్ళిచ్చే పొనికి, బతుకమ్మలో కూర్చునే తంగేడు ఇవన్నీ ఉష్ణమండల వృక్షసంపదే. ఇక్కడి నుంచి బయల్దేరి ఒక పెద్ద బొటానికల్ గార్డెన్ చూసే యాత్రికుడు, అందులో సగం చెట్లను తన ఇంటి పెరట్లోనో గుడి వాకిట్లోనో అడవి అంచునో ముందే చూసి ఉంటాడు. వాటి పూర్తి వివరం మాత్రం తోటలో తెలుస్తుంది.

పార్కుకూ దీనికీ తేడా

పచ్చిక, బల్లలు, పిల్లల ఉయ్యాలలు ఉంటే పార్కు తయారవుతుంది. బొటానికల్ గార్డెన్‌కు అవి చాలవు. ప్రతి మొక్కకూ ఒక నమోదు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్య వెనక ఉన్న దస్త్రంలో గింజ ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు సేకరించారు, ఏ ఏట నాటారు అన్న సంగతులు రాసి ఉండాలి. చెట్టుకు తగిలించిన పేరుపలక ఆ దస్త్రానికి బయటికి కనిపించే కొస మాత్రమే. పెద్ద తోటల్లో దీనికి తోడు హెర్బేరియం ఉంటుంది. అందులో ఎండబెట్టి అట్టకు అంటించిన కొమ్మలను, పూలను వందల ఏళ్ళు చెడకుండా దాచుతారు. కొత్తగా దొరికిన మొక్క నిజంగా కొత్తదేనా అని తేల్చడానికి శాస్త్రవేత్తలు ఈ అట్టలనే తిరగేస్తారు.

తోటల మధ్య గింజల ఇచ్చిపుచ్చుకోలు కూడా పాత అలవాటే. అడవిలో అంతరించిపోతున్న జాతి ఒక్కో తోటలో నాలుగు మొక్కలుగా బతికితే, మళ్ళీ అడవికి పంపడానికి విత్తనం మిగులుతుంది. 2021లో వెలువడిన ప్రపంచ వృక్షజాతుల నివేదిక దాదాపు 60 వేల చెట్టు జాతుల్ని లెక్కించి, వాటిలో 30 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని తేల్చింది. అందుకే ఈనాటి బొటానికల్ గార్డెన్లు అందానికి ఎంత విలువ ఇస్తాయో, విత్తనాన్ని కాపాడడానికీ అంత విలువ ఇస్తాయి.

సామర్లకోటలో మొదలైన పని

యూరప్‌లో ఇలాంటి తోటలు వైద్య విద్యార్థుల కోసం పుట్టాయి. ఇటలీలో పీసా తోట 1544లో, పాదువా తోట 1545లో ఏర్పడ్డాయి. ఉష్ణమండలంలో వేసిన తోటల వెనక మాత్రం వ్యాపారం ఉంది. మిరియం, లవంగం, జాజికాయ, నీలిమందు, ఓడలకు టేకు కలప వీటి మీద కన్నేసిన వలస కంపెనీలు, తమ ఏలుబడిలోని నేలల మీద ఏది పండుతుందో తెలుసుకోవడానికి తోటలు వేయించాయి.

ఆ పనిలో తొలి అడుగుల్లో ఒకటి గోదావరి డెల్టా అంచున ఉన్న సామర్లకోటలో పడింది. స్కాట్లండ్‌లో పుట్టిన విలియం రాక్స్‌బర్గ్ ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చి, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ ప్రయోగాల తోట వేసి మిరియం, చెరకు, నీలి, మల్బరీ పెంచి చూశాడు. రోజూ వాతావరణం లెక్కలు రాశాడు. 1790ల తొలినాళ్ళలో ఉత్తర సర్కారులను కబళించిన కరువును కళ్ళారా చూసి, కొబ్బరి, పనస వంటి చెట్లను విరివిగా నాటించాలని కంపెనీకి సలహా ఇచ్చాడు. వాన తప్పినా చెట్టు కొంత కడుపు నింపుతుందన్నది అతని ఆలోచన.

రాక్స్‌బర్గ్ చేసిన మరో గొప్ప పని బొమ్మలు గీయించడం. ఈ దేశపు చిత్రకారులను కుదుర్చుకుని, కోరమండల్ తీరపు మొక్కలను ఆకు, పువ్వు, కాయ, గింజ విడివిడిగా కనిపించేలా రంగుల్లో వేయించాడు. వాటిలోంచి ఎంచిన 300 బొమ్మలతో 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మూడు సంపుటాలు వెలువడ్డాయి. వాటిలో మొక్కల శాస్త్రీయ నామాల పక్కన స్థానికులు చెప్పిన తెలుగు పేర్లను కూడా అతను నమోదు చేశాడు. ఆదిలాబాద్ అడవుల్లోనూ పెరిగే సోమి చెట్టు బెరడు జ్వరానికి పనికొస్తుందని రాసి, సింకోనాకు బదులుగా దాన్ని వాడిచూడమని కోరింది ఇతనే. ఆ చెట్టు ఇప్పటి శాస్త్రీయ నామం సోయ్మిడా కూడా తెలుగు పేరు నుంచి వచ్చిందే. ఆ చిత్రకారుల పేర్లు మాత్రం ఆ సంపుటాల్లో కనిపించవు.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళాడు. అది 1787లో రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి ప్రతిపాదనతో హుగ్లీ నది పడమటి ఒడ్డున మొదలైంది. సామర్లకోట అనుభవంతో రాక్స్‌బర్గ్ దాన్ని 1813 వరకు పెంచి పెద్దచేశాడు. ఇప్పుడది ఆచార్య జగదీశ్ చంద్రబోస్ పేర హౌరాలో 270 ఎకరాలకు పైగా పరుచుకుని ఉంది. అక్కడి మహా మర్రిని చూడడానికే చాలామంది వెళతారు. తల్లి మానుకు తెగులు సోకడంతో 1925లో దాన్ని తొలగించారు. అయినా వేల ఊడల మీద చెట్టు ఇంకా వ్యాపిస్తూనే ఉంది. మర్రి గొప్పతనం తెలుగువాళ్ళకు కొత్త కాదు. అనంతపురం వైపు కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి శతాబ్దాలుగా యాత్రాస్థలం.

హౌరాలోనే సీషెల్స్ దీవుల జంట కొబ్బరిని కూడా పెంచారు. దాని గింజ పాతిక కిలోల దాకా తూగుతుంది. మొక్కల లోకంలో అంతకు మించిన గింజ లేదు.

ఈ చరిత్రలో చెడు కూడా ఉంది. అందంగా ఉందని 19వ శతాబ్దం తొలినాళ్ళలో కలకత్తా తోటకు తెచ్చిన లాంటానా, కంచె దాటి దేశమంతా పాకింది. ఇవాళ చాలా పులుల అడవుల్లో గడ్డిని ఎదగనివ్వకుండా జింకలకు మేత లేకుండా చేస్తున్నది అదే. అందుకే ఇప్పటి తోటలు బయటి దేశపు మొక్కను తెచ్చే ముందు, అది తప్పించుకుని పోయి అడవిని ముంచుతుందా అని పరీక్షిస్తాయి.

రబ్బరు మొక్క, తెలుగు కూలీ

సింగపూర్ బొటానిక్ గార్డెన్స్ 1859లో మొదలైంది. 82 హెక్టార్ల ఈ తోటను 2015లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఉష్ణమండలంలోని బొటానికల్ గార్డెన్లలో ఆ గౌరవం మొదట దీనికే దక్కింది. తోటలోకి ప్రవేశం ఉచితం. 1995లో తెరిచిన నేషనల్ ఆర్కిడ్ గార్డెన్‌కు మాత్రం టికెట్టు ఉంటుంది. సింగపూర్ జాతీయ పుష్పమైన వాండా మిస్ జోకిమ్ అనే ఆర్కిడ్, 1893లో ఆగ్నెస్ జోకిమ్ అనే మహిళ తోటలో వెలుగు చూసిన సంకరజాతి. దేశాధినేతలు వచ్చినప్పుడు కొత్త ఆర్కిడ్‌కు వాళ్ళ పేరు పెట్టడం అక్కడి ఆచారం.

ఈ అందాల తోటే తెలుగువాళ్ళ వలస చరిత్రను మలుపు తిప్పింది. బ్రెజిల్ అడవుల రబ్బరు గింజలు 1876లో లండన్ దగ్గర ఉన్న క్యూ తోటకు చేరాయి. అక్కడ మొలిచిన మొక్కల్లో 22 మరుసటి ఏడు సింగపూర్ వచ్చాయి. 1888లో తోట బాధ్యత తీసుకున్న హెన్రీ రిడ్లీ, చెట్టు చావకుండా బెరడు మీద ఏటవాలు గాట్లు పెట్టి రోజూ పాలు తీసే పద్ధతిని కనిపెట్టాడు. రబ్బరు వెయ్యండని రైతుల వెంటపడి గింజలు పంచాడు. మోటారు కార్లు వచ్చి టైర్లకు గిరాకీ పుట్టేసరికి మలయా (నేటి మలేషియాలో భాగం) అంతా రబ్బరు తోటలయ్యాయి. వాటిలో గాటు పెట్టడానికి, పాలు మోయడానికి తమిళులతో పాటు విశాఖ, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల తెలుగు కుటుంబాలు ఓడలెక్కాయి. వాళ్ళ సంతతి 1955లో అక్కడ ఆంధ్ర సంఘం పెట్టుకుంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లో జరిగాయి. సింగపూర్ వెళ్ళే తెలుగు పర్యాటకుడు ఆ తోటలో రబ్బరు చెట్టు ముందు కాసేపు ఆగడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

పాంపిల్మూస్‌లో శ్రీతాళం

మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో మారిషస్‌లో జరిగాయి. 19వ శతాబ్దంలో చెరకు తోటలకు వెళ్ళిన తెలుగువాళ్ళ సంతతి అక్కడ ఉగాదినీ శ్రీరామనవమినీ ఇప్పటికీ జరుపుకుంటోంది. ఆ దీవి ఉత్తర భాగంలో ఉన్న పాంపిల్మూస్ తోట ఉష్ణమండల వృక్షోద్యానాల్లో పెద్దక్క. 1735 ప్రాంతంలో ఫ్రెంచి గవర్నర్ ఇంటి కూరల తోటగా మొదలై, 1770లో పియేర్ పువావ్ర్ చేతిలో మసాలా మొక్కల ఉద్యానమైంది. లవంగం, జాజికాయల మీద డచ్చివాళ్ళ గుత్తాధిపత్యాన్ని విరగ్గొట్టడం అతని పట్టుదల. స్వతంత్ర మారిషస్ తొలి ప్రధాని సర్ శివసాగర్ రామ్‌గులామ్ అంత్యక్రియలు 1985లో ఈ తోటలోనే జరిగాయి. ఇప్పుడు తోట ఆయన పేరు మీదే ఉంది.

పాంపిల్మూస్‌లో పర్యాటకులు మొదట పరుగెత్తేది పొడవాటి కొలను దగ్గరికి. అమెజాన్ నది నుంచి వచ్చిన విక్టోరియా కలువ ఆకులు అంచులు పైకి మడిచిన పళ్ళేల లాగా నీటి మీద తేలుతుంటాయి. ఒక్కో ఆకు రెండు మీటర్ల వెడల్పు దాటుతుంది. పువ్వు మొదటి సాయంత్రం తెల్లగా విచ్చుకుని, పరిమళంతో పేడపురుగు జాతి కీటకాలను లోపలికి రప్పించి, రాత్రికి మూసుకుంటుంది. మర్నాడు సాయంత్రం గులాబీ రంగులో విచ్చుకుని, పుప్పొడి అంటిన పురుగులను వదిలేస్తుంది.

ఆ తర్వాత చూడవలసింది శ్రీతాళం. ముప్పై నుంచి ఎనభై ఏళ్ళ పాటు ఆకులే వేస్తూ పెరిగి, జీవితంలో ఒకే ఒక్కసారి తల మీద లక్షల పూలతో ఆరేడు మీటర్ల ఎత్తు పూగుత్తి వేస్తుంది. కాయలు పండాక చెట్టు చనిపోతుంది. మన పూర్వులు గంటంతో గ్రంథాలు రాసుకున్న తాళపత్రాల్లో మేలైనవి ఈ చెట్టు ఆకులే. బాసరలో వ్యాసుడు సరస్వతిని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. అక్కడ పిల్లలకు అక్షరాభ్యాసం చేయించే తల్లిదండ్రులకు, అక్షరం తరతరాలు నిలిచిన ఆకు ఏ చెట్టుదో చూపించడానికి ఇలాంటి తోటలు మంచి చోటు.

రెండు రకాల ఉష్ణమండలం

బొటానికల్ గార్డెన్ అనగానే ఎప్పుడూ తడిగా, చీకటిగా, తీగలు వేలాడే అడవిని ఊహించుకోవడం పరిపాటి. సింగపూర్‌కు ఆ ఊహ సరిపోతుంది. అక్కడ ఏడాది పొడవునా వాన పడుతుంది. మొత్తం రెండు వేల మిల్లీమీటర్లు దాటుతుంది. ఉత్తర తెలంగాణలో పడేది వెయ్యి మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ చాలావరకు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. మిగతా ఎనిమిది నెలలు చెట్టు తన తిప్పలు తాను పడాలి.

ఆ తిప్పల్లోంచే ఇక్కడి అడవి తీరు పుట్టింది. నీరు ఆవిరైపోకుండా టేకు వేసవికి ముందే ఆకు రాలుస్తుంది. మోదుగ ఆకు లేని కొమ్మల మీదే పూస్తుంది. అప్పుడైతే పిట్టలకు పూలు దూరం నుంచే కనబడతాయి. తునికి నేల కింద వేరును దాచుకుని, పైన నరికినా కాలినా మళ్ళీ చిగురిస్తుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఉష్ణమండల శుష్క ఆకురాల్చే అడవి అంటారు. మార్చి నెలలో మోడులా నిలబడ్డ ఈ అడవిని చూసి చచ్చిపోయిందనుకునే వాళ్ళున్నారు. అది బతకడానికి ఎంచుకున్న పద్ధతే అది. వాన అడవులకు దక్కినంత మెప్పు దీనికి ఇంకా దక్కలేదు. దక్కించే పని మన తోటలు చెయ్యాలి.

కొత్తగూడ: హైదరాబాద్ మధ్యలో దక్కను అడవి

బాసర నుంచి హైదరాబాద్ సుమారు రెండు వందల కిలోమీటర్లు. సికింద్రాబాద్–మన్మాడ్ రైలు మార్గం మీదే బాసర స్టేషన్ ఉంది కనుక రైల్లో నేరుగా రావచ్చు. నగరానికి పడమట, కొండాపూర్–హైటెక్ సిటీ భవనాల నడుమ కొత్తగూడ రిజర్వు అడవి 270 ఎకరాల పైచిలుకు మిగిలి ఉంది. అందులోనే కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ ఉంది. ఉమ్మడి రాష్ట్రానికి రెండుసార్లు ముఖ్యమంత్రిగా చేసిన నాయకుడి పేరు అది. తెలంగాణ అటవీ అభివృద్ధి సంస్థ దీన్ని నిర్వహిస్తోంది. పక్కనే రాష్ట్ర పక్షి పేరుతో పాలపిట్ట సైక్లింగ్ పార్కు ఉంది.

తోటను వనాలుగా విభజించారు. ఔషధ మొక్కలు ఒకచోట, కలప చెట్లు మరోచోట, పండ్ల చెట్లు, పూల మొక్కలు, నీటి మొక్కలు, వెదుర్లు వేర్వేరుగా కనిపిస్తాయి. నడక దారులు గుండ్రాళ్ళ గుట్టల మధ్యగా సాగుతాయి. ఈ గ్రానైటు రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. రాతి సందుల్లో ఇంత మట్టి చాలని వేరూనిన చెట్లు ఇక్కడ చాలా ఉన్నాయి. అవి ఏ తోటమాలీ నాటినవి కావు.

వచ్చేవాళ్ళలో పొద్దున్నే నడకకు వచ్చే ఇరుగుపొరుగు వారు ఎక్కువ. ఆ నడకను చదువుగా మార్చుకోవడం సులువే. ఒక్కో వారం ఒక్కో వనం ఎంచుకుని, పది పేరుపలకలు చదివి, ఆకు ఆకారం, బెరడు రంగు, కాయ తీరు గుర్తుపెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి దక్కను అడవి మొత్తం పరిచయమవుతుంది. నల్లమద్ది బెరడు మొసలి చర్మంలా గళ్ళు గళ్ళుగా పగిలి ఉంటుంది. తెల్లమద్ది బెరడు నున్నగా, పెచ్చులుగా ఊడుతుంది. ఈ రెండూ పక్కపక్కన చూసినవాళ్ళు మళ్ళీ పొరబడరు.

మరో ఆశ్చర్యం కూడా ఈ పలకలు చెబుతాయి. శివుడికి ప్రీతి అని గుళ్ళలో పెంచే నాగలింగం దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దేవగన్నేరు, సీతాఫలం, బొప్పాయి, బంతి అన్నీ అమెరికా ఖండపు ఉష్ణమండలం నుంచి సముద్రం దాటి వచ్చి మన వాకిట్లో స్థిరపడ్డవే. తంగేడు, రేల, మారేడు మాత్రం మొదటి నుంచీ ఈ నేల బిడ్డలు.

తెలంగాణలో ఈ పని చేస్తున్న చోటు కొత్తగూడ ఒక్కటే కాదు. జడ్చర్ల ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ పేరుతో అధ్యాపకులు, విద్యార్థులు కలిసి రాష్ట్రపు మొక్కలను సేకరించి పెంచుతున్నారు. పక్క రాష్ట్రాలకు వెళ్ళే తెలుగువాళ్ళకు బెంగళూరు లాల్‌బాగ్ బాగా తెలిసిన చోటు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన ఈ 240 ఎకరాల తోటలో గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాలకు జరిగే పూల ప్రదర్శనలకు జనం బారులు తీరతారు.

ఉత్తర తెలంగాణ: పలకలు లేని వృక్షోద్యానం

గోదావరి కందకుర్తి దగ్గర మంజీర, హరిద్రలను కలుపుకుని తెలంగాణలో అడుగుపెట్టి బాసర మీదుగా సాగుతుంది. దాని ఉత్తరపు ఒడ్డున నిర్మల్, ఆదిలాబాద్, మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాల అడవులు పరుచుకున్నాయి. 1965లో అభయారణ్యమై, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి, చుట్టూ ఉన్న బఫర్ ప్రాంతంతో కలిపి రెండు వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. టేకు, నల్లమద్ది, చిరుమాను, ఏగి, జిట్రేగి, బిల్లుడు, సోమి, సండ్ర, మొర్రి, నల్లజీడి, ఉసిరి, వెదురు ఇక్కడ సహజంగా పెరుగుతాయి. వృక్షశాస్త్రవేత్త టి. పుల్లయ్య, ఆయన సహచరులు ఆదిలాబాద్ జిల్లా వృక్షజాతుల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే తెచ్చారు.

ఈ అడవికి పేరుపలకలు లేకపోయినా పేర్లు తెలిసినవాళ్ళున్నారు. గోండు, కొలాం, నాయకపోడ్ కుటుంబాలకు ఏ ఆకు ఏ నొప్పికి, ఏ గడ్డ ఏ కరువుకు అన్నది తరాల చదువు. ఇప్పచెట్టు వాళ్ళకు పూజ్యం. పువ్వు తిండికి, గింజల నూనె దీపానికీ వంటకూ వాడతారు. కెస్లాపూర్ నాగోబా జాతర క్రతువుల్లో ఇప్పనూనెకు చోటుంది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపూలతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోసి కట్టలు కట్టడం వేల కుటుంబాలకు వేసవి సంపాదన.

ఇలాంటి తెలివికి తగిన గౌరవం ఇచ్చిన తోట ఒకటి కేరళలో ఉంది. తిరువనంతపురం జిల్లా పాలోడ్‌లో 1979లో నెలకొల్పిన 300 ఎకరాల జవాహర్‌లాల్ నెహ్రూ ట్రాపికల్ బొటానిక్ గార్డెన్ శాస్త్రవేత్తలు, కాణి తెగవారు అలసట రాకుండా నమిలే ఆరోగ్యపచ్చ మొక్క సంగతి వాళ్ళ నుంచే తెలుసుకున్నారు. దానితో జీవని అనే మందు తయారుచేసి, వచ్చిన ఆదాయంలో కాణి తెగకు వాటా పంచారు. ఆదివాసుల జ్ఞానానికి ఫలం పంచిన తొలి ఉదాహరణల్లో ఒకటిగా ప్రపంచమంతా దీన్ని చెప్పుకుంటుంది. గోదావరి ఒడ్డున ఎప్పుడైనా పెద్ద వృక్షోద్యానం వెలిస్తే, అది మొదటి రోజు నుంచే నడవాల్సిన దారి ఇది. పలకల మీద శాస్త్రీయ నామం, తెలుగు పేరు పక్కన గోండి, కొలామి పేర్లూ ఉండాలి. వాటిని చెప్పినవాళ్ళకు పనీ ఫలమూ దక్కాలి.

ఎందుకంత అవసరమో పొనికి చెట్టు చెబుతుంది. నిర్మల్ బొమ్మలు చేసేది ఈ చెట్టు కర్రతోనే. తేలిగ్గా ఉంటుంది, మెత్తగా చెక్కుడు పడుతుంది, ఎండాక పగలదు. అతుకులకూ నునుపుకూ రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద వాడతారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళ ఒక్క జాతి చెట్టు మీద ఆధారపడి ఉంది. ఆ చెట్టు చుట్టుపక్కల అడవుల్లో అరుదైపోవడంతో కళాకారులు కర్ర కోసం దూరాలు వెళ్ళాల్సి వచ్చింది. అటవీ శాఖ పొనికి మొక్కలు పెంచి నాటించే పని చేపట్టింది. ఒక చేతిపని బతకాలంటే విత్తనాల సేకరణ, నారుమడి, నమోదు అన్నీ కావాలి. ఇవన్నీ బొటానికల్ గార్డెన్ రోజువారీ పనులే.

ఏ నెలలో ఏది

శుష్క ఉష్ణమండలంలో తోట చూపించే సరుకు నెలనెలా మారుతుంది. మాఘమాసంలో వసంత పంచమికి బాసర జనంతో నిండే రోజుల తర్వాత, ఫిబ్రవరి చివర నుంచి మోదుగ, బూరుగ ఎర్రగా పూస్తాయి. మోదుగ పూలను ఉడికించి హోలీ రంగు చేసుకోవడం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాత్రి రాలితే తెల్లారకముందే ఏరుతారు. ఏప్రిల్, మే ఎండల్లో రేలచెట్టు పసుపు గుత్తులు వేలాడదీస్తుంది. వానాకాలం నడుమ టేకు తెల్లటి చిన్న పూలతో కొమ్మ చివర్లు నింపుకుంటుంది. భాద్రపదం చివరి నుంచి ఆశ్వయుజం దాకా తంగేడు, గునుగు విరగబూస్తాయి. తొమ్మిది రోజుల బతుకమ్మలో ఏ పువ్వు ఏ వరసలో పేర్చాలో తెలిసిన ఆడపడుచులు, వృక్షశాస్త్రం చదవకుండానే మొక్కల కాలెండరు చెప్పగలరు. కార్తీకంలో ఉసిరి కింద వనభోజనాలు వస్తాయి. చెట్టు నీడను వెతుక్కుంటూ కుటుంబమంతా తోటకు వెళ్ళే ఈ ఆచారం, తెలుగువాళ్ళకు తోట యాత్ర ఎంత పాతదో చెబుతుంది.

పూలూ పిట్టలూ రెండూ కావాలంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య, పచ్చదనమే కావాలంటే ఆగస్టు, సెప్టెంబర్‌లో వెళ్ళడం మేలు. వేసవిలో అయితే గేటు తెరిచిన వెంటనే వెళ్ళి, ఎండెక్కకముందే తిరిగి రావాలి. మంచి చెప్పులు, నీళ్ళ సీసా, చిన్న నోటు పుస్తకం చాలు. ఆకు తెంపి వాసన చూడాలనిపించినా, నేల మీద రాలినదే తీసుకోవాలి. బోదె మీద పేర్లు చెక్కితే బెరడు కింద ఆహారం మోసే పొర తెగి, ఆ గాయంలోంచి తెగులు చొరబడుతుంది. పిల్లలకు ఒక ఆట పెట్టవచ్చు: బడి పుస్తకంలో చదివిన అయిదు చెట్లను పలక చూడకుండా గుర్తుపట్టాలి, తర్వాత పలకతో సరిచూసుకోవాలి.

బాసర నుంచి దారి

బాసర దర్శనం ముగించుకున్న యాత్రికులకు రెండు దారులున్నాయి. మొదటిది రైలెక్కి హైదరాబాద్ చేరి, మర్నాడు ఉదయం కొత్తగూడ తోటకు వెళ్ళడం. రెండోది అడవి దారి. ముథోల్, భైంసాల మీదుగా నిర్మల్ చేరి, పొనికి కర్ర బొమ్మగా మారే కార్ఖానాలు చూసి, కడెం నది మీద సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి దూకే కుంటాల జలపాతానికి వెళ్ళవచ్చు. అక్కడి నుంచి కవ్వాల్ అడవికి ద్వారమైన జన్నారం చేరితే అటవీ శాఖ సఫారీ, బస ఉంటాయి. జలపాతం నిండుగా దూకేది వానాకాలంలో, జంతువులు నీటి గుంటల దగ్గర సులువుగా కనిపించేది వేసవిలో. చెట్లను చూడడమే ముఖ్యమైతే ఈ రెంటికీ నడుమ వచ్చే చలికాలం అనువు. అప్పటికి ఆకు ఇంకా కొమ్మ మీదే ఉంటుంది, కాయ ముదిరి ఉంటుంది, అడవి దారులు ఆరి ఉంటాయి. మొదట కొత్తగూడలో పలకలు చదివి ఆ తర్వాత జన్నారం వెళ్ళినవాళ్ళు, పలక లేని నల్లమద్దినీ ఏగినీ బెరడు చూసే గుర్తుపట్టగలరు.